చెట్టెక్కే సంఘానికి గేదె అధ్యక్షురాలు

"నేరేడూ! ఏవే నేరేడూ! ఇంకా మడుగులోనే ఉన్నావా?"

గట్టు మీంచి తల్లి పోలమ్మ పిలుస్తోంది. మడుగు మధ్యలో రెండు కొమ్ములూ ఓ ముక్కూ తప్ప ఇంకేమీ పైకి కనపడకుండా పడుకున్న గేదెపడ్డ నేరేడు ఉలకలేదు, పలకలేదు. వినపడక కాదు. సరిగ్గా అప్పుడే గడ్డిమోపంత తెల్లమబ్బు ఒకటి నీళ్ళలోకి దిగి, దాని మూతి ముందుకొచ్చి ఆగింది. ఊపిరి కాస్త గట్టిగా వదిలితే చాలు, చెదిరిపోతుంది. అందుకని నేరేడు ఊపిరి బిగబట్టి, కళ్ళు మాత్రం తెరిచి, దాన్నే చూస్తోంది.

"జంబయ్య బాబాయ్ వచ్చాడే. నీ చదువు గురించి మాట్లాడతానన్నాడు. పైకి రా తల్లీ."

చదువు అనగానే నేరేడు బుస్సుమంది. మబ్బు ముక్కలైపోయింది. ఒళ్ళంతా బురద కారుతుండగా గట్టెక్కి వచ్చి నిలబడింది.

నేరేడుకి చదువంటే మరేమీ కాదు, మబ్బుకొండ. మడుగుకి ఎగువన దూరంగా నీలంగా కనిపించే కొండ అది. రోజంతా ఆకాశంలో తిరిగి తిరిగి అలిసిపోయిన మబ్బులు సాయంత్రానికి ఆ కొండ నెత్తినే చేరతాయి. చిన్నప్పుడు నేరేడు వాటిని తెల్ల గేదెలనుకునేది. ఇప్పుడు గేదెలు కావని తెలుసు గానీ, అవి అక్కడ ఎలా పడుకుంటాయన్నది మాత్రం తెలీదు. గేదెల్లా బోర్లా పడుకుంటాయా, గుర్రాల్లా నిలబడే కునుకు తీస్తాయా? దగ్గర్నుంచి ఒక్కసారి చూడాలి. ఆ కోరిక తీరక ఎన్నో పూటలు గడ్డి కూడా సహించలేదు. కొండమీద ఉండనిచ్చేది అక్కడి కాలేజీలో చదువుకునే వాళ్ళనొక్కళ్ళనే. ఆ కాలేజీకి పిల్లల్ని ఎంచుకోవడానికి కూర్మమ్మ అనే ముసలి తాబేలు ఈ నెలాఖరున స్వయంగా దిగి వస్తోందని అడవంతా చెప్పుకుంటున్నారు.

నక్క జంబయ్య ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఈ చుట్టుపక్కల పిల్లల చదువులకి సలహాలు చెప్పేది ఆయనే. తనూ మబ్బుకొండలో చదివానని చెప్పుకుంటాడు. మెడలో చిన్న ఇత్తడి గంట. అది నిజాయితీ సంఘం గంట. ఆ సంఘం పెట్టిందీ ఆయనే, అధ్యక్షుడూ ఆయనే, సభ్యుడూ ఆయనొక్కడే. మిగతావాళ్ళకి ఇంకా ఆ అర్హత రాలేదని అంటాడు.

ఈ గంటల సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడి పిల్లలు చదివే చింతతోపు బడిలో గంట కట్టడం ఎద్దు మాస్టారు పెట్టిన పద్ధతి. ఏ పిల్లైనా ఓ పని నేర్చుకుని నలుగురి ముందూ చేసి చూపిస్తే, ఆయన తన చేత్తో మెడలో ఒక గంట కట్టేవాడు. చదువంతా పూర్తయినా ఒకటో రెండో గంటలుండేవి. తర్వాత జంబయ్య వచ్చి, బడిలో సంఘాలు పెట్టాలనీ, సంఘంలో చేరగానే గంట కట్టేయాలనీ సభలో చెప్పాడు. ఎద్దు మాస్టారు అభ్యంతరం చెబుదామనుకున్నాడు. కానీ నోట్లో నెమరుంది. ఆయన అది మింగేలోపు సభ ముగిసింది.

"అమ్మడూ, రోజంతా ఏం చేస్తుంటావు నువ్వు?" అనడిగాడు జంబయ్య.

"నీళ్ళలో పడుకుంటాను బాబాయ్. మబ్బులు చూస్తాను."

రోగం ఇంత ముదిరాకా తీసుకొచ్చేది అన్నట్టు జంబయ్య పోలమ్మ వంక చూశాడు. పోలమ్మ కంగారుపడి తలవంచుకుంది.

"ఈ మాట కూర్మమ్మ దగ్గర పొరపాటున కూడా అనకు. చూడు వదినా, గేదె నీళ్ళలో పడుకుంటే వింతేముంది? ఆవిడ అలాంటి గేదెల్ని ఎన్నిటిని చూసుంటుంది. అదే గేదె చెట్టెక్కిందనుకో, తల తిప్పి చూడదూ?"

"నాకు చెట్టెక్కడం రాదు కదా బాబాయ్."

"ఎక్కమని నేనన్నానా? చెట్టెక్కే సంఘంలో చేరమన్నాను."

పోలమ్మకి ఆ తేడా పూర్తిగా బోధపడలేదు గానీ, అందులో ఏదో పెద్ద చదువు ఉందనిపించింది. జంబయ్య విడమరిచి చెప్పాడు. మబ్బుకొండ వాళ్ళకి అన్నీ కలగలిసిన పిల్లలు కావాలి. పుట్టుకతో వచ్చినదానికి విలువ లేదు, పుట్టుకకి అస్సలు పొంతన లేనిదాంట్లో గంట ఉండాలి. ఎన్ని గంటలుంటే అంత మంచిది. ఒక్కో గంట ఇప్పించడానికి తనకి డబ్బూ దస్కం ఏమీ అక్కర్లేదు, ఒక ముంత గట్టిపెరుగు చాలు. మీగడ తీయకుండా.

నేరేడు మనసు అప్పటికే కొండెక్కేసింది. "బాబాయ్, అక్కడ మబ్బులు నిజంగా కిందికొస్తాయా?" అని మెల్లిగా అడిగింది.

"రాకేం? కిటికీల్లోంచి గదుల్లోకే వచ్చేస్తాయి. మేం చదువుకునే రోజుల్లో పొద్దున్నే చీపురు పెట్టి ఊడ్చేవాళ్ళం."

ఆ రాత్రి నేరేడుకి నిద్ర పట్టలేదు. తను మాత్రం ఊడవదు. పక్కకి జరిగి చోటిస్తుంది.

మర్నాటి నుంచీ సంఘాలు మొదలయ్యాయి. జంబయ్య సలహా అందుకోని ఇల్లు లేదు కనుక, బడి రూపమే మారిపోయింది. మౌన సంఘానికి చిలక సుభాషిణి అధ్యక్షురాలైంది. మౌనం ఎంత గొప్పదో రోజూ పొద్దుపోయేదాకా ఉపన్యాసం ఇచ్చేది. వేకువన లేచే సంఘానికి గుడ్లగూబ, పరుగు సంఘానికి నత్త, శాకాహార సంఘానికి కొంగ. కొంగ ఒంటికాలిమీద నిలబడి కాయగూరల గుణాలు చెబుతూ చెబుతూ మధ్యలో ఒక్క క్షణం నీళ్ళలోకి వంగి, మళ్ళీ లేచి, గొంతు సవరించుకుని, వదిలిన మాట దగ్గర్నుంచి అందుకునేది. ఈత సంఘానికి అధ్యక్షుడు కోతిపిల్ల కొమ్మరాజు. అందరూ వాణ్ణి కొమ్మిగాడంటారు.

చెట్టెక్కే సంఘానికి నేరేడు అధ్యక్షురాలు, బాతు కార్యదర్శి, పంది కోశాధికారి. మడుగు గట్టునున్న మద్దిచెట్టు కింద వాళ్ళ సమావేశాలు జరిగేవి. చెట్టెక్కేటప్పుడు ముందు ఏ కాలు పెట్టాలన్న దగ్గర చర్చ ఆగిపోయేది. బాతు ఎడమ కాలంది. నేరేడు ఏ ఎడమ కాలు అనడిగింది, తనకి ఎడమవైపు రెండున్నాయి కదా. పంది ఈ విషయం వచ్చే సమావేశంలో చూద్దామని, ఫలహారాల సంగతి ఎత్తింది. వచ్చే సమావేశంలో మళ్ళీ కాలు దగ్గరే మొదలు. ఆ తర్వాత నేరేడుని నాట్య సంఘంలో చేర్చారు, తేనె సంఘంలో చేర్చారు, గూళ్ళు అల్లే సంఘంలో కూడా చేర్చారు. అల్లికకని తెచ్చిన గడ్డి అది తినేసింది. అయినా గంట కట్టారు.

పోలమ్మ మురిసిపోయింది. కూతురు నడిచొస్తుంటే పెళ్ళివారి బళ్ళు వస్తున్నట్టు వినపడేది. ఎదురింటి మేకతో, మా అమ్మాయి చెట్టెక్కుతుందండీ అని చెప్పింది. అదెలా అని మేక అడిగితే, అది చదువుకున్న వాళ్ళ విషయం, మనకేం తెలుస్తుందంది.

నేరేడుకి మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టుంది. నీళ్ళ దగ్గర కనపడకు, నువ్వు మామూలు గేదెవేనని తెలిసిపోతుంది అని జంబయ్య గట్టిగా చెప్పాడు. ఒకసారి ఉండబట్టలేక దిగింది. గంటలు గణగణమని, చేపలు చెల్లాచెదురయ్యాయి, కప్పలు తిట్టిపోశాయి. నీళ్ళు అంత కలగిపోయాక మబ్బేం నిలుస్తుంది? పోనీ గట్టుమీంచే ఆకాశం చూద్దామంటే, మెడ ఎత్తగానే గంటలన్నీ వెనక్కి జరిగి గొంతు పట్టేసేవి. దాంతో రోజంతా నేలచూపులే. మబ్బులు చూడ్డానికి కాలేజీ, కాలేజీకి గంటలు, గంటలవల్ల మబ్బులు కనపడవు. ఇందులో ఎక్కడో తిరకాసుందని దానికి తోచేది. ఎక్కడో తేలేలోపు ఇంకో సంఘం సమావేశానికి పిలుపొచ్చేది.

ఓ మధ్యాహ్నం మద్దిచెట్టు కింద కొమ్మిగాడు ఒంటరిగా కనపడ్డాడు. వాడి మెడనిండా కూడా గంటలే. కోతులు కొమ్మల్లో ఉండటం మోటుతనమని జంబయ్య అన్న దగ్గర్నుంచీ పాపం వాడు నేలమీదే తిరుగుతున్నాడు.

"ఏరా కొమ్మిగా, ఈత ఎంతవరకూ వచ్చింది?"

"తోక ముంచాను."

"తర్వాత?"

"తోక ఆరబెట్టుకున్నాను."

నేరేడుకి నవ్వొచ్చింది. వాడికి రాలేదు. వాడు అటూ ఇటూ చూసి, తనకి నీళ్ళంటే చచ్చేంత భయమనీ, లోపల్నుంచి ఇంకో కోతి తననే చూస్తున్నట్టుంటుందనీ, ఈ మాట ఇంట్లో చెబుదామంటే వాళ్ళమ్మ అప్పటికే చుట్టాలందరికీ మా వాడు ఏరు ఈదేస్తాడని చెప్పేసిందనీ గొణిగాడు.

"నీ సంగతేంటి? ఎక్కావా?"

"చెట్టుకి వీపు గోక్కున్నాను," అంది నేరేడు.

మన గంటలు మార్చుకుందామా అని కొమ్మిగాడే అడిగాడు. నేరేడు సరేననబోయింది. ఎప్పుడొచ్చాడో, వెనకనుంచి జంబయ్య దగ్గాడు. గేదెకి ఈత గంట, కోతికి చెట్టు గంట కట్టుకుని కూర్మమ్మ ముందు నిలబడతారా, కొండంతా నవ్వుకుంటుందని మెత్తగా మందలించి, ఎవరి దారిన వాళ్ళని పంపించేశాడు.

కూర్మమ్మ వచ్చే రోజు రానే వచ్చింది. పిల్లలందర్నీ పొద్దున్నే ముస్తాబు చేసి మడుగు గట్టున వరసలో నిలబెట్టారు. కూర్మమ్మ కూడా పొద్దున్నే కనపడింది, దూరంగా దారి మలుపులో. కానీ మలుపునుంచి మడుగుదాకా రావడానికి ఆవిడకి మధ్యాహ్నం దాటింది. అప్పటికి స్వాగతం దండలు వాడిపోయాయి. వాడిపోయినవి ఎలాగూ పనికిరావని మేక తినేసింది.

కూర్మమ్మ గట్టుకి చేరి, ఆయాసం తీర్చుకుని, మెడ బయటికి సాచి చూసింది. పిల్లలు వణుకుతుంటే గంటలన్నీ ఒకటే మోత.

"ఇదేంటి, తిరునాళ్ళా?" అంది.

జంబయ్య ముందుకొచ్చి ఒంగి దండం పెట్టి, ఏ గంట ఏ సంఘానిదో, ఎవరు దేనికి అధ్యక్షులో గడగడా ఏకరువు పెట్టాడు. గేదె చెట్టెక్కడం, కోతి ఈదడం అన్నచోట గొంతు కాస్త పెంచాడు. కూర్మమ్మ నిజంగానే తల తిప్పి చూసింది. పోలమ్మ గుండె గంట కన్నా గట్టిగా కొట్టుకుంది.

"మంచిదయ్యా. నేను ప్రశ్నలూ అవీ అడగను. చాలా దూరం నడిచొచ్చాను, ఆకలేస్తోంది. చెట్టెక్కే అమ్మాయి ఆ మద్దిచెట్టు చిటారుకొమ్మన చిగురు తెచ్చిపెట్టాలి. ఈదే అబ్బాయి మడుగు మధ్యనున్న ఆ తెల్లకలువ తేవాలి. తిన్నాక మిగతావాళ్ళ సంగతి చూద్దాం."

మౌన సంఘం చిలక కూడా నోరెత్తలేదు. సంఘం పెట్టాక అది నిజంగా మౌనంగా ఉండటం అదే మొదటిసారి.

నేరేడు చెట్టు దగ్గరికి నడిచింది. కొండ ఎదురుగా నీలంగా ఉంది, నెత్తిన ఒక మబ్బు అప్పుడే చేరుతోంది. ఇదొక్కటీ అయితే చాలు, రేపు తనక్కడ ఉంటుంది. ముందు కుడికాలు పెట్టింది. జారింది. ఎడమకాలు పెట్టింది. కార్యదర్శి బాతు వెనకనుంచి, నేను మొదట్నుంచీ ఎడమే అంటున్నానని అందరికీ వినపడేలా అంది. ఈసారి రెండు కాళ్ళూ మానుకి ఆనించి, మొత్తం బలం పెట్టి ఎగిరింది. పట్టెడు బెరడూ, రెండు ఎండుపుల్లలూ, ఒక కాకిగూడూ కింద పడ్డాయి. నేరేడు చెట్టుని వాటేసుకుని, కళ్ళు మూసుకుని, వెనక కాళ్ళమీద అలాగే నిలబడిపోయింది. పోలమ్మ పక్కనున్న మేకతో, అది మొదలుపెట్టే తీరే అంతండీ అని చెబుతోంది.

అప్పుడు వినపడింది దబ్బుమని చప్పుడు.

కొమ్మిగాడు ఒడ్డునున్న రాయిమీద కూర్చుని, తోక ముంచి, తోకతోనే కలువని దగ్గరికి లాక్కుందామని చూశాడట. రాయి నాచుపట్టి ఉంది. వాడు నీళ్ళలో పడి ఒకసారి పైకి తేలాడు, కళ్ళు ఇంతలేసి చేసుకుని. మెడలో గంటల బరువుకి మళ్ళీ మునిగిపోయాడు. గట్టుమీద వాళ్ళమ్మ, చూడండి లోపలికి వెళ్ళి ఈదుతున్నాడంది. రెండో మాట అనేలోపు ఆవిడ ముఖమే పాలిపోయింది.

నేరేడు చెట్టు వదిలేసింది. జంబయ్య అడ్డొచ్చి, పళ్ళ బిగువున, "కదలకు అమ్మడూ. నీ పని చెట్టు. ఇప్పుడు నీళ్ళలో దిగావంటే నీ కాలేజీ అయిపోయినట్టే," అన్నాడు.

నేరేడు ఒక్క క్షణం కొండవైపు చూసింది. మరుక్షణం జంబయ్యని పక్కకి తోసేసి మడుగులోకి దూకింది. ఆ దూకుడుకి మెడలో తాడు పుటుక్కున తెగింది. నాట్యం గంటా, తేనె గంటా, గూళ్ళ గంటా, చెట్టు గంటా అన్నీ బుడగలు వదులుతూ అడుగుకి వెళ్ళిపోయాయి.

చల్లటి నీళ్ళు ఒంటిని తాకగానే దానికి దారంతా తెలిసిపోయింది. ఎక్కడ లోతు, ఎక్కడ ఊబి, ఎక్కడ నీరు లోపలికి లాగుతుంది, ఎన్ని పూటలు పడుకున్న మడుగు అది. బురదలోకి తల దూర్చి, కొమ్ములకి ఏదో మెత్తగా తగలగానే పైకి లేపింది. కొమ్మిగాడు రెండు కొమ్ములూ పట్టుకుని, నీళ్ళు కక్కుతూ, వీపుమీదికి పాక్కుంటూ వచ్చాడు. నేరేడు ఈదుతూ ఒడ్డుకొస్తుంటే తోవలో మద్దికొమ్మ ఒకటి నీళ్ళమీదికి వంగి కనపడింది. అది చూశాక వాణ్ణి ఆపడం ఎవరి తరం? చెంగున కొమ్మ అందుకుని, రెండు ఊపుల్లో చిటారుకి చేరిపోయి, ప్రాణం కుదుటపడేదాకా అక్కడే కూర్చున్నాడు. చేతులు ఊరుకోవు కదా, అలవాటుకొద్దీ చిగురు తుంచి కింద పడేస్తూనే ఉన్నాయి. నేరేడు గట్టెక్కేసరికి దాని కొమ్ముకి తెల్లకలువ ఒకటి చిక్కుకుని ఉంది. అది తనకే తెలీదు.

కాసేపటికి కూర్మమ్మ ముందు చిగురూ ఉంది, కలువా ఉంది. ఆవిడ తీరిగ్గా నములుతూ, "ఏది ఎవరు తెచ్చారు?" అని అడిగింది.

జంబయ్య ఒళ్ళు దులుపుకుని రానే వచ్చాడు. "అంతా అనుకున్నట్టే జరిగిందమ్మా. చెట్టు సంఘం అధ్యక్షురాలి ఆధ్వర్యంలో చిగురొచ్చింది. ఈత సంఘం అధ్యక్షుడి పర్యవేక్షణలో కలువొచ్చింది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు సొంతంగా చేస్తారా, చేయిస్తారు గానీ." అంటూనే నేరేడుకి కన్ను గీటాడు.

కూర్మమ్మ నమ్మినట్టే తల ఊపింది. అవును అని ఒక్క మాట అంటే సరిపోతుంది. వెనకనుంచి తల్లి ఊపిరి బిగబట్టడం నేరేడుకి తెలుస్తోంది. కొండ ఎదురుగానే ఉంది. చాలా రోజులకి మెడ ఎత్తి చూసింది కదా, ఆ మబ్బు ఎంత తెల్లగా ఉందో, దాని అంచు ఎక్కడ బూడిదరంగుకి తిరుగుతోందో స్పష్టంగా కనపడింది. అంత తెల్లటిదాని దగ్గరికి అబద్ధం మోసుకుంటూ ఎలా వెళ్ళడం?

"అవ్వా," అంది. "నాకు చెట్టెక్కడం రాదు. ఇప్పుడు కాదు, ఎప్పుడూ రాలేదు. చిగురు తెచ్చింది కొమ్మిగాడు. నాకు నాట్యం రాదు, తేనె నచ్చదు, గూడుకి ఇచ్చిన గడ్డి తినేశాను. నేను నీళ్ళలో పడుకుని మబ్బులు చూస్తాను. వచ్చింది అదొక్కటే. అది చెబితే తీసుకోరేమోనని చెప్పలేదు."

పోలమ్మ నేలవంక చూసింది. పైనుంచి కొమ్మిగాడు కూడా, ఈత రాదని అందరికీ తెలిసిపోయింది కనుక వేరే చెప్పక్కర్లేదనీ, తనకి కాలేజీ వద్దనీ, ఈ చెట్టు చాలనీ అరిచాడు. వాళ్ళమ్మ వాణ్ణి కిందికి దింపి ముందు ముద్దుపెట్టుకుని, తర్వాత చెవి మెలిపెట్టింది.

కూర్మమ్మ మాత్రం కలువ రేక ఒకటి నమలడం ఆపేసింది. "మబ్బులు చూస్తే ఏం తెలుస్తుంది?" అంది.

"చాలా తెలుస్తాయవ్వా. ఇదిగో, ఆ కొండమీది మబ్బుకి అంచు మసకేసింది. పొద్దుగూకేలోపు మనమీదికి వాన తెస్తుంది. అలా కాక అంచు తెల్లగా ఉంటే ఊరికే పడుకోవడానికి వచ్చినట్టు."

కూర్మమ్మ కొండవైపు చూసి, మళ్ళీ నేరేడు వైపు చూసింది. తమ కాలేజీలో వానకబురు చెప్పే చదువొకటి ఉందనీ, కదలకుండా పడుకుని ఆకాశం చూసే ఓపిక ఉన్నవాళ్ళే దొరక్క అది మూతపడేలా ఉందనీ, అందరూ గంటలు మోగించుకుంటూ వస్తారు గానీ అరపూట నిలకడగా ఉండలేరనీ చెప్పింది. రేపు తనతో బయల్దేరమంది.

పోలమ్మకి ఇన్నాళ్ళూ మడుగులోంచి బయటికి రమ్మని తను పిలిచిన పిలుపులన్నీ గుర్తొచ్చాయి కాబోలు, కూతురి ఒంటిమీద బురద నాకడం మొదలుపెట్టింది.

"మెడలో ఎన్ని మోగినా, పని పడ్డ రోజున ఆదుకునేది మనకి నిజంగా వచ్చినదేనర్రా," అంది కూర్మమ్మ మిగతా పిల్లలతో. ఆ మాటకి వరసలో సగంమంది గంటలు విప్పేసుకున్నారు. ఎద్దు మాస్టారు అవునన్నట్టు తలాడించాడు. ఏదో చెప్పబోయాడు గానీ, నోట్లో నెమరుంది.

సరిగ్గా అప్పుడే తుప్పల్లోంచి టింగుమని చిన్నగా గంట మోగింది. ఖాళీ పెరుగుముంతల సంగతి గుర్తొచ్చి తల్లులందరూ జంబయ్య కోసం చూస్తున్నారు మరి. ఆయన తోక ముడుచుకుని తుప్పల వెనకనుంచి జారుకుంటున్నాడు. కానీ మెడలో గంట ఊరుకోదు కదా.

"ఒక సంఘం మిగిలిపోయిందే," అంది కూర్మమ్మ. "నిజాయితీ సంఘం అన్నావు. అధ్యక్షా, ఇలా రా నాయనా. వాళ్ళు చేసి చూపించారు, నువ్వూ చేసి చూపించు. ఒక్క నిజం చెబితే చాలు."

తల్లులు చుట్టూ చేరారు. జంబయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"సూర్యుడు తూర్పున ఉదయిస్తాడమ్మా."

"అది కోడి రోజూ చెబుతుంది. నువ్వు మాత్రమే చెప్పగలిగింది చెప్పు."

జంబయ్య అటూ ఇటూ చూశాడు. బాబాయ్ ఇబ్బంది పడుతున్నాడని నేరేడుకి జాలేసింది. అందుకని సాయం చేద్దామనుకుంది. "నువ్వు మబ్బుకొండలో చదివిన రోజులు చెప్పు బాబాయ్. మబ్బులు కిటికీల్లోంచి గదుల్లోకి వచ్చేవన్నావు కదా, చీపురుతో ఊడ్చేవాళ్ళమన్నావు కదా."

"కిటికీలా?" అంది కూర్మమ్మ. "మాకు గోడలే లేవే."

కొండవైపునుంచి చల్లగాలి వచ్చింది. వాన మొదటి చినుకు టప్పున జంబయ్య ముక్కుమీద పడింది. ఆయన తలెత్తి కొండవైపు చూశాడు, చాలాసేపు. తర్వాత మెడలో గంట తనే విప్పి కింద పెట్టాడు.

"నేను ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదమ్మా," అన్నాడు. "చిన్నప్పుడు బయల్దేరాను. సగం దారిలో భయమేసి తిరిగొచ్చేసి, చూసొచ్చానని చెప్పాను. మబ్బులు అక్కడ ఎలా పడుకుంటాయో నాకు తెలీదు. అమ్మడు వెళ్ళి చూశాక, నాక్కూడా ఒక మాట చెప్పమనండి."